నల్లగౌను పాట

హాలు వెనక గదిలో డెలిమా నల్లగౌను బొత్తాలు పెట్టుకుంటోంది. నలభై ఏడేళ్లుగా అదే రంగు, వైధవ్యం రంగు. వేరే రంగులో కనిపిస్తే జనం ఊరుకోరు.

"ఇవాళ కొత్త చరణం పాడేస్తాను," అంది.

డ్రైవరు లూసియన్ గుమ్మంలో నిలబడి దగ్గుతున్నాడు. "పోయినేడాదీ ఇదే అన్నావు."

"పోయినేడాది నీకీ దగ్గు లేదు. పాడాక నిన్ను స్టేజీ మీదికి పిలుస్తాను. వచ్చి నా పక్కన కూర్చోవాలి."

"జనం చెప్పులిసురుతారు."

"విసరనీ. ఒక్క చలికాలమైనా నీతో తలెత్తుకుని తిరగాలి."

పాట ఆమె ఇరవై మూడో ఏట కట్టింది. వసంతంలో నది మీద దుంగలు తోలడానికి వెళ్లిన భర్త డోసితే తిరిగి రాలేదు. బూట్లు దొరికాయి. ఆ నది వెంట ఊళ్లన్నిటికీ ఒకటే ఆచారం. దుంగల మధ్య పోయినవాడికి ఒడ్డున శిలువ నాటి, బూట్లు దానికి తగిలిస్తారు. వారం తిరక్కుండా వాడి మీద పాట కడతారు. డెలిమా ఏడుస్తూ కట్టింది. ఏడుపు నిజం కాబట్టే పాట అంత బాగా కుదిరింది. రేడియోవాళ్లు వచ్చి ఆమెను మాంట్రియల్ తీసుకుపోయారు. ఆ చలికాలానికల్లా క్యూబెక్ రాష్ట్రమంతా ఆమెతో కలిసి ఏడ్చింది.

లూసియన్ ఆ మరుసటేడు గడ్డంతో ఆమె తలుపు తట్టాడు. సరిహద్దు అవతల అడవుల్లో పనిచేసి వచ్చాడని చెప్పుకుంటారు. అప్పట్నుంచీ ఆమె కారు అతనే నడుపుతున్నాడు. ఆమె పాడుతుంటే చివరి వరుసలో కూర్చుంటాడు. లోకం ఊరికే ఉంటుందా, గుసగుసలాడింది. ఫాదర్ ఒకసారి ఉండబట్టలేక, "పెళ్లి చేసుకోరాదూ, డెలిమా?" అన్నాడు.

"ఒకసారి చేసుకున్నాను, ఫాదర్. అది చాలు."

ఆ జవాబు పేపర్లో పడింది. అభిమానులు మరీ మురిసిపోయి, డోసితే ఖాళీ సమాధి రాయి మీద అతని పేరు పక్కనే ఆమె పేరు కూడా ముందే చెక్కించారు. లూసియన్‌ని ఎక్కడ పాతిపెడతారో ఎవరికీ పట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం. హాల్లో బఠాణీ సూపు వాసన. చలికి మగాళ్లెవరూ టోపీలు తియ్యలేదు. డెలిమా కుర్చీలో కూర్చుని, కాళ్ల కింద చెక్క మీద రెండు బూట్లతో తాళం మొదలుపెట్టింది. ఆమె ఒక వరుస పాడుతుంది, హాలు దాన్ని తిరిగి పాడుతుంది. అక్కడ పాటంటే అదే.

చివరి చరణం వచ్చింది. డెలిమా కొత్త మాటలు పాడింది.

"నల్లగౌను విప్పేశాను, నా మనిషి గుమ్మంలో ఉన్నాడు."

హాలు తిరిగి పాడింది.

"నల్లగౌను విప్పనింక, నా డోసితే నదిలో ఉన్నాడు."

వాళ్లు వినలేదు. నలభై ఏడేళ్లు అలవాటుపడ్డ నోటికి పాతదే వచ్చింది. డెలిమా ఇంకాస్త గట్టిగా మళ్లీ అందుకుంది. "నల్లగౌను విప్పేశాను..."

ముందు వరుసలో ఎవరో ముసలామె కళ్లు తుడుచుకుంది. "పాపం, పెద్దదైపోయింది. మాటలు మర్చిపోతోంది."

ఇక అందరూ ఆమెకి సాయం పట్టారు. ప్రేమగా, ఒక్క గొంతుతో, ఆమె గొంతు మునిగిపోయేంత గట్టిగా పాత వరుసే పాడారు. సభ ఏర్పాటు చేసిన రెజాన్ మంచినీళ్లతో పరుగెత్తుకొచ్చి చెవిలో చెప్పింది. "'విప్పనింక', అత్తా. 'విప్పేశాను' కాదు. కంగారు పడకు, మేమున్నాంగా."

డెలిమా చివరి వరుస వైపు చూసింది. లూసియన్ వద్దన్నట్టు మెల్లగా తల ఊపాడు.

ఆమె కాళ్లు తాళం ఆపలేదు. నోరు పాత వరుసే పాడింది. హాలు ఊపిరి పీల్చుకుంది.

పాట కట్టినామె నోట పోయినవాడి పేరు వినబడగానే మగాళ్లు లేచి టోపీలు తియ్యడం అక్కడి మర్యాద. కుర్చీలు కిర్రుమన్నాయి. ఒక్కొక్కరే లేచారు.

చివరి వరుసలో, దగ్గు ఆపుకుంటూ, డోసితే కూడా లేచి తన పేరుకి తానే టోపీ తీశాడు.