వేలెడంత సవతులు

ల్యాబ్‌లో అడుగుపెట్టగానే ఆమెకి సవతులు కనబడ్డారు. ఒకరా ఇద్దరా, తొట్లనిండా ఉన్నారు! ఒక్కొక్కటీ వేలెడంత లేదు. ఒంటినిండా నీలం చారలు, ఆ తోక తిప్పుకోవడం ఒకటి.

ఆమె భర్త ఈ చేపల మీదే పరిశోధన చేస్తాడు. బాగా బెదిరిన ప్రాణి ఆ బెదురు నుంచి ఎందుకు తేరుకోలేదో వీటిలో తెలిస్తే, మనుషులకీ మందు దొరుకుతుందని ఆయన తాపత్రయం. మంచిదే. కానీ ఇక్కడ ఆయన నడక చూడాలి! పిల్లి నడక. తలుపు వేస్తే చప్పుడు లేదు.

"మెల్లిగా రా. పాపం, బెదురుతాయి," అన్నాడు.

పాపమట! ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయ్యాక ఆ గొంతు తనకోసం ఒక్కసారైనా అలా మెత్తబడిందా? తనేం తక్కువ చేసింది? వీధి తలుపు దగ్గర ఆయన తాళాల గుత్తి గలగలమంటే చాలు, టీవీ కట్టేస్తుంది. చెల్లెలితో మాట్లాడుతున్నా ఠక్కున ఫోను పెట్టేస్తుంది. ఇవాళ ఇంత ఎండలోనూ ఆయన చెప్పినట్టే పొడుగు చేతుల జాకెట్టు వేసుకొచ్చింది.

"సార్‌కి ఇవంటే ప్రాణం, మేడమ్," అంది అసిస్టెంటు అమ్మాయి. "ఒక్కటి మేత ముట్టకపోయినా, ఆయనా భోజనం మానేస్తారు."

ఆమెకి కడుపు ఉడికిపోయింది. వచ్చే జన్మంటూ ఉంటే చేపగానే పుట్టాలి అనుకుంది.

"ఇంత ముద్దు చేసేవాళ్ళు, మరి వీటిని బెదిరించేదెలా?" అంది ఉండబట్టలేక.

ఆయనకి హుషారొచ్చింది. "ముందు ఒక చప్పుడు చేస్తాం. వెంటనే తొట్టి కుదిపేస్తాం. కొన్నాళ్ళకి కుదపక్కర్లేదు, చప్పుడు వింటే చాలు. మూలకి పోయి బిగుసుకుపోతాయి. ఎన్నాళ్ళయినా మరిచిపోవు."

"ఏం చప్పుడు?"

"ఏదైనా ఒకటే. నా చేతికి అందింది ఇది." జేబులో చెయ్యి పెట్టాడు. "ఆ తొట్టి వైపు చూస్తూ ఉండు."

తాళాల గుత్తి తీసి గలగలలాడించాడు.

చేపలన్నీ ఒక్కసారిగా అడుగుకి జారి, మూలన బిగుసుకుపోయాయి. "చూశావా!" అని ఆయన మురిసిపోయాడు.

అసిస్టెంటు అమ్మాయి మాత్రం, గది మూలన మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని అలాగే బిగుసుకుపోయిన ఆమెని చూస్తోంది.