గుమ్మంలో లక్ష్మీ పాదాలు

“లక్ష్మీ పాదాల స్టిక్కర్లు తీసుకెళ్లి డోర్‌మ్యాట్ల పక్కన పెడతావేటి? కళ్లు కనబడవా?” కొనడానికొచ్చిన అనూరాధ అరుపుకి మద్దిలపాలెం షాపులో జనమంతా తిరిగి చూశారు.

“రెండూ గుమ్మం కాడ ఏసేవే కదాని పెట్టేనండి,” అంది సేల్స్‌గర్ల్ మిరియం.

“నీది ఏ మతమే?”

మిరియం మెడలోని సిలువను గుప్పిట్లో దాచుకుంది.

ఓనరు దుర్గారావు చేతులు జోడించాడు. “తప్పయిపోయిందమ్మా. దీన్ని ఇప్పుడే పంపించేత్తన్నాను.” ఆమె కోపం చల్లారాలని ఆ పాదాలను షాపు గుమ్మంలో తనే అంటించి దండం పెట్టాడు.

మిరియం సంచీ తీసుకుని బయల్దేరింది. ఎక్కడ తొక్కుతానోనని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఓ పక్కకు ఒదిగి గుమ్మం దాటబోయింది.

“దారికి అడ్డమేటి? జరుగు!” అనూరాధ ఆమెను నెట్టుకుంటూ, హైహీల్స్‌తో ఆ పాదాలను తొక్కుకుంటూ వెళ్లిపోయింది.

దుర్గారావు చూశాడు.

“మళ్లీ రండమ్మా,” అన్నాడు.