అక్కతో అన్న మాట

దగ్గుమందు సీసాకి మూత బిగిస్తుండగానే ఫోను టింగుమంది.

"ఆ మందు పాపకి పడదు. తేనె నాకించు."

ఆమె చెయ్యి మూత మీదే ఆగిపోయింది. పాపకి దగ్గు మొదలైంది ఇప్పుడే. మందు తాగమని బుజ్జగించిందీ ఇప్పుడే. ఇంట్లో ఉన్నది తల్లీకూతుళ్ళిద్దరే. మెసేజీ పంపిన మనిషి ఊరికి ఆ చివర ఉంటాడు. విడిపోయి ఏడాది దాటింది. ఈ ఇంటి గడప అతను ఒక్కసారి కూడా తొక్కలేదు. ఆదివారాలు పాపని తీసుకెళ్ళడానికి వచ్చినా గేటు బయటే నిలబడతాడు, నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టు.

కాపురం చేసినన్నాళ్ళూ ఎక్కడికెళ్ళిందీ, ఎవరితో ఏం మాట్లాడిందీ పూసగుచ్చినట్టు అతనికి చెప్పాల్సి వచ్చేది. ఆ పోరు పడలేకే బయటపడింది. ఇప్పుడు చెప్పకుండానే తెలిసిపోతోంది. ఒకరోజు బట్టలు మడతపెడుతూ ఏదో కూనిరాగం తీసింది. "చాలా రోజులకి పాడుకున్నావు. సంతోషం" అని రాశాడు. ఆ రోజు నుంచి ఆమె పాడటం మానేసింది.

తిట్టడు. బెదిరించడు. తిట్టినా బాగుండుననిపించేది ఆమెకి.

ఈ కబుర్లు ఎవరు మోస్తున్నారు? మొదట కింది వాటాలోని ఇంటావిడ మీదకి పోయింది అనుమానం.

"ఏమ్మా, ఈ మధ్య ముఖం చాటేస్తున్నావు?" అని ఆవిడ అడిగితే, "ఏం లేదు పిన్నిగారూ" అని తలుపేసుకుంది.

ఆ తర్వాత సొంత అక్కనే అనుమానించింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కరెంటు పోయి ఇల్లంతా చీకటైన సాయంత్రం మాత్రం అతని నుంచి ఏ మెసేజీ రాలేదు. పోనీలే, ఈ పూటకి బతికిపోయాం అనుకుంది.

ఆమెది ఆసుపత్రిలో ఫోన్లు కలిపే ఉద్యోగం. అవతలివాళ్ళు నోరు మెదపకపోయినా, ఫోను పెట్టేశారో, పట్టుకుని వింటున్నారో ఇట్టే చెప్పగలదు. ఖాళీ నిశ్శబ్దం వేరు, వింటున్న నిశ్శబ్దం వేరు. ఈ మధ్య ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టగానే ఆ రెండోదే ఉంటోంది గదిలో.

పోలీసు స్టేషన్లో మెసేజీలు చదివినాయన నవ్వాడు. "పిల్లకి తేనె నాకించమన్నాడు. దీనికి ఏ కేసు పెట్టమంటావమ్మా? ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?"

లాయరమ్మ నవ్వలేదు. అన్నీ చదివి కళ్ళజోడు తీసింది.

"చెయ్యెత్తకపోయినా ఇది హింసే. విడిపోయాక కూడా ఇలా వెంటపడుతుంటే, నీ జోలికి రాకుండా కోర్టు కట్టడి చెయ్యగలదు. కానీ అతనికి ఎలా తెలుస్తోందో మనం చూపించాలి."

"నాకే తెలీదు కదండీ."

"అదే చిక్కు. నీకు మతి స్థిమితం లేదు, పాపని నాకిచ్చెయ్యండి అని అతను పిటిషన్ వేసి కూర్చున్నాడు. నువ్వెళ్ళి, నా ఇంట్లో మాటలు ఎవరో వింటున్నారు అని రుజువు లేకుండా అన్నావనుకో, అతని పని నువ్వే చేసిపెట్టినట్టు. పాప వెళ్ళిపోతుంది. తొందరపడి ఏ పిచ్చిపనీ చెయ్యకు."

ఆమె తలూపింది. పాపని బడి నుంచి తీసుకుని ఇంటికి నడిచింది. దారి పొడుగునా ఆ చిన్న చేతిని వదల్లేదు.

ఇంట్లో, పాప మంచం పక్కన చందమామ దీపం వెలుగుతోంది. పుట్టినరోజుకి నాన్న గేటు దగ్గర చేతికిచ్చిన దీపం. అది లేకపోతే పాపకి నిద్ర రాదు. అందుకని ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటుంది.

ఆమె మంచం అంచున కూర్చుంది. ఫోను చెవికి ఆనించుకుంది.

"అక్కా, నేనే. కోర్టు వాయిదా దాకా ఆగలేనే. సోమవారం పొద్దున్నే పాపని తీసుకుని వెళ్ళిపోతాను. పాప జుట్టు పొట్టిగా కత్తిరించేస్తాను, మగపిల్లాడనుకుంటారు. ఎక్కడికని అడక్కు. బావకి కూడా చెప్పకు. ఒట్టు."

గదిలో పాప, ఆ చందమామ దీపం తప్ప ఇంకెవరూ లేరు.

"ఇంక ఇవ్వమ్మా, నేను మాట్లాడతా" పాప మోచెయ్యి పట్టుకు లాగింది.

"ఉండమ్మా. పెద్దమ్మతో మాట్లాడుతున్నాను కదా."

పాప మూతి ముడుచుకుంది.

ఆదివారం గేటు దగ్గర అతను పాప జుట్టు నిమిరాడు. చాలాసేపు నిమిరాడు. ఆమె వైపు చూసి, "ఎంత బాగా పెరిగిందో" అన్నాడు.

సోమవారం ఆమె ఊరు దాటలేదు. దాటనివ్వలేదు. అత్యవసరమంటూ అతను ఇంకో పిటిషన్ వేశాడు, కోర్టుకి పిలిపించారు. పాపని చంకనేసుకుని వెళ్ళింది. అక్క వచ్చి లాయరమ్మ పక్కన తలొంచుకుని కూర్చుంది.

అతను చేతులు కట్టుకుని చెప్పాడు. "పిల్లని ఎత్తుకుపోవాలని చూసిందండి. జుట్టు కత్తిరించి మగపిల్లాడిలా చేస్తుందట. బావకి కూడా చెప్పొద్దని వాళ్ళక్క దగ్గర ఒట్టు వేయించుకుంది."

"మీకెలా తెలుసు?" జడ్జిగారు అడిగారు.

"వాళ్ళక్కే నాకు చెప్పిందండి. పాపం, ఆవిడకీ భయమేసింది."

అక్క ఉలిక్కిపడి తలెత్తింది. లాయరమ్మ అక్క చెయ్యి నొక్కిపట్టింది.

జడ్జిగారు ఈమె వైపు తిరిగారు. "ఈ మాటలు అన్నావా అమ్మా?"

"అన్నానండి. ఒక్క అక్షరం కూడా పొల్లు పోలేదు."

అతని పెదాల మీద చిన్న నవ్వు కదిలింది. అతని లాయరు హుషారుగా లేచాడు. "ఆ ఫోను చూపించమనండి. ఎప్పుడు చేసిందో, ఎంతసేపు మాట్లాడిందో అన్నీ అందులోనే ఉంటాయి."

"ఫోను తెచ్చావా?"

"తెచ్చానండి."

ఆమె సంచిలో చెయ్యి పెట్టి, రెండు రోజులుగా పాప ఇల్లంతా వెతుక్కుంటున్న గులాబిరంగు ప్లాస్టిక్ బొమ్మఫోనుని తీసి బల్ల మీద పెట్టింది.