అసలు సిసలు వెన్‌లాక్

"నీ ముద్దుల కారుకి ఇవాళ పరీక్ష కదా, రాత్రంతా కునుకు తీసినట్టు లేవు," అంది ఏవ్రిల్, మొగుడి చేతికి టీ ఫ్లాస్కు అందిస్తూ.

క్లెమెంట్ హాడో ఫ్లాస్కు చంకలో పెట్టుకున్నాడు. నిజంగానే నిద్ర పట్టలేదు.

కారు అతని తండ్రిది. వెన్‌లాక్ టూరర్, గుడ్డ టాపు పాతకాలం బండి. కంపెనీ మూతపడి తరం దాటినా, కోవెంట్రీ చుట్టుపక్కల ఆ పేరు చెబితే ఇప్పటికీ టోపీ తీసే ముసలాళ్ళున్నారు. ఏవ్రిల్‌కి మాత్రం అది సవతి. ఐదేళ్ళుగా మొగుడు ఊరి చివర పొలంలోని అద్దె షెడ్డులోనే కాపురం. తుప్పు వాసన పడదని ఆవిడ ఒక్కనాడూ అటు తొంగిచూడలేదు. ఈ వసంతంలో మాత్రం తెగేసి చెప్పింది, కారో తనో తేల్చుకోమని.

"తలుపు బిగిస్తూ పెళ్ళి ఉంగరం అందులో పడేసుకున్న మొగుణ్ణి లోకంలో ఎక్కడా చూళ్ళేదు. తియ్యవయ్యా అంటే, ఊడదీస్తే రంగు చెడుతుందంటావు."

"ఇవాళ్టితో పీడ వదులుతుందిగా. క్వేల్ కొనుక్కుపోతాడు."

"ముందు ఆ టిల్డెస్లీ ముసలమ్మ ఔననాలిగా!"

అదీ అసలు చిక్కు. రోడెరిక్ క్వేల్ పాత కార్లు పోగేసే ఆసామి. మిసెస్ టిల్డెస్లీ 'అసలుదే' అంటేనే కొంటాడు. ఆవిడ కాదంటే క్వేల్ పోతాడు, క్వేల్ పోతే ఏవ్రిల్ పోతుంది. వాళ్ళతోపాటు వెన్‌లాక్ యజమానుల క్లబ్బులో క్లెమెంట్ పరువూ పోతుంది.

ఏ వెన్‌లాక్ ఎక్కడ పుట్టింది, ఏ కౌంటీలో మొదటి నంబరు కట్టించుకుంది, ఎన్ని చేతులు మారింది, ఇవన్నీ కూపీ లాగడమే క్లబ్బులో ఆవిడ ఉద్యోగం. నిరుడు క్లబ్బు అధ్యక్షుడి కారునే పట్టుకుని, ఇది విడిభాగాలుగా పెట్టెల్లో డబ్లిన్ వెళ్ళి అక్కడ బిగించిన సరుకని తేల్చేసింది. పాపం ఆయన అప్పట్నుంచీ జబ్బు పేరు చెప్పి ఇల్లు కదలడం లేదు.

తెలతెలవారుతుండగా క్లెమెంట్ షెడ్డు తెరిచాడు. లైటు వేస్తే పొలం యజమాని కబుర్లకు దిగుతాడని, చీకట్లోనే టార్పాలిన్ లాగి కారు బయటికి తీశాడు. వాన తుంపర. రెండో గేరులో బండి నాన్న నడిపే రోజుల్లో మూలిగినట్టే మూలిగింది. క్లెమెంట్ ఛాతీ ఉప్పొంగింది.

ఊరి హాలు ముందు మిసెస్ టిల్డెస్లీ సిద్ధంగా ఉంది. డెబ్బై దాటినా, గోనెపట్టా పరుచుకుని చటుక్కున కారు కిందికి దూరిపోయింది. కాసేపు బూట్లు మాత్రమే కనిపించాయి.

"బోల్టు తలలు బయటికే ఉన్నాయి. డబ్లిన్‌లో లోపలికి తిప్పి బిగించేవాళ్ళు. ఇది అక్కడిది కాదులే, భయపడకు," అంది కిందనుంచి.

"నాకేం భయం?" అన్నాడు క్లెమెంట్, చెమట తుడుచుకుంటూ.

పైకొచ్చి చాసిస్ నంబరు మీద వేలు పెట్టి రుద్దింది, గుడ్డివాళ్ళు అక్షరాలు తడిమినట్టు. "మొదట కొన్నది వారిక్‌లో ఒక పళ్ళ డాక్టరు. నంబరు అక్కడే కట్టించాడు. ఆయన దగ్గర మీ నాన్న కొన్నాడు. ఔనా?"

"ఔను."

తర్వాత డ్రైవరు పక్క తలుపు పట్టుకుని గట్టిగా ఊపింది. క్లెమెంట్ ఊపిరి బిగబట్టాడు. ఉంగరం చప్పుడైతే ఆవిడ ఊరుకోదు, తలుపు ఊడదీయిస్తుంది. ఊడదీస్తే కథ మొదటికొస్తుంది.

తలుపు కిక్కురుమనలేదు. ఉంగరం ఏ మూలో ఇరుక్కుందనుకుని క్లెమెంట్ ఊపిరి వదిలాడు.

చివరికి ఆవిడ వెనక సీటు లేపి, దాని చెక్కను తిరగేసి టార్చి వేసింది. నీలం పెన్సిల్‌తో గీసిన చిట్టి చేప.

"దొరికిపోయావు!" అంది.

క్లెమెంట్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వు కాదయ్యా, చేప. సీట్లు బిగించే ఆయనకి గాలం పిచ్చి, ప్రతి కారుకీ ఒకటి గీసేవాడు. ఈ రహస్యం నేనెవరికీ చెప్పలేదు. చెబితే రేపు ప్రతి వెధవా గీసుకొస్తాడు."

ఇన్నేళ్ళలో క్లెమెంట్ ఆ చేపను చూసిన పాపాన పోలేదు. తెల్లబోయాడు. కలిసొచ్చిన అదృష్టాన్ని నిలదీయడమెందుకని నోరు మూసుకున్నాడు.

"అసలు సిసలు వెన్‌లాక్. నా చేతుల మీదుగా ఇంత స్వచ్ఛమైన బండి ఇంతవరకూ పోలేదు," అని అందరికీ వినపడేలా ప్రకటించింది మిసెస్ టిల్డెస్లీ.

క్వేల్ అక్కడికక్కడే చేయి కలిపాడు. ఏవ్రిల్ జనం మధ్యలోంచి వచ్చి, పెళ్ళయిన కొత్తలో లాగా మొగుడి చేయి పట్టుకుంది. కారు మలుపు తిరిగి కనుమరుగవుతుంటే క్లెమెంట్ కళ్ళు తుడుచుకున్నాడు. కన్నీళ్ళు అంత ధారాళంగా రావడం చూసి అతనికే ఆశ్చర్యం వేసింది.

"పిచ్చి మహానుభావా, ఏడవకు. నాకోసం ఎంత త్యాగం చేశావు!" అంది ఏవ్రిల్, తనూ ముక్కు చీదుకుంటూ.

"పర్లేదులే. నువ్వు ఇంటికి పద, షెడ్డు తాళం వేసొస్తాను."

ఈల వేసుకుంటూ షెడ్డుకు వెళ్ళి, ఐదేళ్ళు చెమటోడ్చి తయారుచేసిన నకిలీని ఊరందరి కళ్ళెదుట అంటగట్టానన్న సంబరంలో, రెండో టార్పాలిన్ కింద దాచుకున్న నాన్న అసలు కారు తలుపు తెరిచేసరికి, ఆ నకిలీకి తలుపు బిగిస్తూ పడేసుకున్న పెళ్ళి ఉంగరం అందులో గలగలమంది.