దిష్టి మాట

"బసవయ్య గారూ, ఉన్నమాట చెప్పండి. ఈ పరీక్షలన్నీ మీ పాప సొంతంగానే రాసిందా?"

రశ్మి టీచర్ ఈ మాట గట్టిగా అడగాల్సి వచ్చింది. కరోనా వచ్చాక ఫోన్లలోనే నడిచిన తల్లిదండ్రుల మీటింగును మళ్ళీ బడిలో పెట్టడం ఇదే మొదటిసారి. టీచర్ బల్లకూ, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీకీ మధ్య ఆరడుగుల ఎడం. అందరి ముఖాలకూ మాస్కులు. గుసగుసగా చెప్పుకోవలసిన మాటలు కూడా వెనుక వరుసకట్టిన వాళ్ళందరికీ వినబడుతున్నాయి.

"ఏడో తరగతి మొత్తంలో మీ హరిచందనే ఫస్టు. అన్నిట్లో తొంభై దాటాయి. ఫోన్‌లో పెట్టిన పరీక్షలు కదా, అందుకని అడుగుతున్నా."

బసవయ్య ఛాతీ ఉబ్బింది. కూతురు ఎంత కష్టపడి చదివిందో ఆయనకు తెలుసు. అది పరీక్ష రాస్తున్నంత సేపూ ఎవరూ లొల్లి చేయకుండా తలుపు దగ్గర కాపలా కూర్చున్నదీ ఆయనే. ఆ సంగతే చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడు వెనుక నుంచి, "తొంభయ్యా!" అంది పక్కింటి నీలమ్మ. ఆమె నోరు వెళ్ళబెట్టిన సంగతి మాస్కు చాటునున్నా తెలుస్తూనే ఉంది.

నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందంటారు. ఉస్మాన్‌గంజ్‌లో చిన్న ఎండుమిర్చి దుకాణం నడుపుకునే బసవయ్యకు ఆ మాట మీద గట్టి నమ్మకం. గిరాకీ ఊపిరి సలపనివ్వని రోజున కూడా, "దందా ఎట్లుంది భాయ్?" అని ఎవరడిగినా, "ఏం దందా, ఈగలు తోల్తున్న" అనేవాడు. ఇప్పుడూ నోరు ఆ దారినే పోయింది.

"ఏం రాసుడు మేడం! గంత తెలివి ఏడికెళ్ళి వచ్చె దానికి? ఫోన్ల చూసి ఫోన్లనే రాసింది. ఉత్త మొద్దు."

పక్కనే నిలబడ్డ హరిచందన తలెత్తి తండ్రిని చూసింది. మళ్ళీ తల దించుకుంది.

"నేను అనుకున్నదే," అంది నీలమ్మ వెనుక నుంచి, హాయిగా.

టీచర్ మాత్రం చేతిలో కలం కింద పెట్టేసింది. "అయ్యో! మన బడి ఏడు వరకే కదండీ. పెద్ద బడి వాళ్ళు మన దగ్గర నుంచి ఒక్క పిల్లను తీసుకుని, పదో తరగతి దాకా ఉచితంగా చదివిస్తామన్నారు. ఇవాళే పేరు పంపాలి. హరిచందన పేరే పంపుదామనుకున్నా."

వచ్చే ఏడు పిల్లను ఎక్కడ చదివించాలా అని ఇంట్లో బసవయ్యా, భార్య మహేశ్వరీ తల పట్టుకుని కూర్చుంటున్నారు. వెతకబోయిన తీగ కాలికి తగిలితే తనే తన్నేసుకున్నాడు.

"అది గాదు మేడం..." అని లేచాడు. ఇందాక అబద్ధమాడానని ఇంతమంది ఎదుట ఎట్లా ఒప్పుకోవడం? సీటు పేరు వినగానే మాట మార్చాడని నీలమ్మ బస్తీ అంతా చాటింపు వేయదూ? లేచినవాడు లేచినట్టే మళ్ళీ కూర్చున్నాడు.

టీచరే జాలిపడింది. "ఉండండి, ఒకసారి పాపనే అడిగి చూస్తా. హరిచందనా, ఎనిమిది వందలకు కొన్న వస్తువును పదిహేను శాతం లాభానికి అమ్మితే, ఎంతకు అమ్మినట్టు?"

బసవయ్య ప్రాణం లేచి వచ్చింది. మిర్చి దుకాణంలో పెరిగిన పిల్లకు లాభం లెక్క కూడా ఒక లెక్కేనా! తను నోరు విప్పే పని లేకుండానే గండం గట్టెక్కింది అనుకున్నాడు.

హరిచందన పలకలేదు.

"పోనీ, మొక్కలు తమ ఆహారాన్ని తయారుచేసుకోవడాన్ని ఏమంటారు?"

దానికీ పలకలేదు. మాస్కు పైనున్న కళ్ళు నేల మీది నుంచి లేవలేదు.

"చెప్పు బిడ్డా, భయపడకు," అన్నాడు బసవయ్య. పిల్ల తల అడ్డంగా ఊపింది.

టీచర్ నిట్టూర్చి, తర్వాత ఎక్కువ మార్కులున్న స్రవ్యను పిలిచింది. స్రవ్య నీలమ్మ కూతురే. "మా పిల్ల సొంతంగనే రాసింది మేడం, నేను పక్కనే కూసున్న," అని అడక్కముందే చెప్పింది నీలమ్మ. స్రవ్య కాస్త తడుముకున్నా రెండింటికీ జవాబులు చెప్పింది. సీటు ఆ పిల్లకు పోయింది.

తిరిగి వస్తుంటే నయాపూల్ వంతెన మీద ఆటోల మధ్య స్కూటర్ ఇరుక్కుంది. బసవయ్యకు ఏడుపొక్కటే తక్కువ. తన నోటిని తనే తిట్టుకున్నాడు. దానికి తోడు ఇంకో దిగులు పట్టుకుంది. తలుపు దగ్గర కూర్చున్న తన కళ్ళు కప్పి, పిల్ల నిజంగానే చూసి రాసిందా?

"తొమ్మిది వందల ఇరవై," అంది హరిచందన వెనుక నుంచి.

"ఏంది?"

"మేడం అడిగిన లెక్క. ఇంకోటి, కిరణజన్య సంయోగక్రియ."

బసవయ్య గిర్రున వెనక్కి తిరిగాడు. "అన్నీ ఎరికేనా నీకు! మరి ఆడ ఎందుకు చెప్పలే బిడ్డా?"

"నేను చెప్తే అందరి ముంగట నువ్వు అబద్ధం ఆడినట్టు అయితది గద బాపూ."