రెండా, మూడా

“రెండు,” అంది నర్సు గ్లెనిస్, కాగితం మీద రాసుకుంటూ.

నోయెలీన్ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. “ఇంకోసారి చూడండి గ్లెనిస్. సరిగ్గా చూడండి.”

గ్లెనిస్ ఓపిగ్గా మళ్లీ చూసింది. రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ పెట్టించుకునే ఆడవాళ్ల చర్మానికి మార్కులు వేయడం ఆవిడ పని. కాస్త ఎర్రబడితే ఒకటి. బాగా కంది, మడతల్లో పొర ఊడితే రెండు. మడతలు దాటి పొర లేచిపోయి రసి కారితే మూడు. మూడు పడిందా, పుండు మానేదాకా రేడియేషన్ ఆపేస్తారు. ఇంటి ప్రయాణమూ అన్ని రోజులు వెనక్కి పోతుంది.

“రెండే తల్లీ. ఎందుకంత బెంగ? ఇంకా ఆరు విడతలు. వచ్చే మంగళవారానికి మీ ఇంట్లో ఉంటావు. గురువారం మళ్లీ చూస్తాలే.”

నోయెలీన్ ప్రాణమంతా ఆ అంకె మీదే ఉంది.

టౌన్స్‌విల్ ఆస్పత్రి పక్కనే, దూరం నుంచి వచ్చే రోగులకని కట్టిన వసతి గృహంలో ఉంటోందామె. అక్కడ అందరిదీ ఒకటే లెక్క, ఇంకా ఎన్నాళ్లని. నోయెలీన్ లెక్కపెట్టినంతగా మాత్రం ఎవరూ పెట్టరు. వింటన్ దగ్గర వాళ్ల గొర్రెల ఫారం, ఇక్కడికి ఆరొందల కిలోమీటర్లు. సాయంత్రం ఆరయ్యేసరికి భర్త డెస్ ఫోన్ చేస్తాడు. ఎప్పుడొస్తున్నావని అడుగుతాడు. ఈ ఐదు వారాల్లో ఒక్క రోజూ తప్పలేదు.

“పెట్టి పుట్టావే. మా ఆయనకి నేనున్నానో పోయానో కూడా పట్టదు,” అని దెప్పుతుంది పక్క గది మెర్ల్. నోయెలీన్ నవ్వి ఊరుకుంటుంది.

ఆ మూడు రోజులూ ఆమెకి కంటి మీద కునుకు లేదు. గంటకోసారి అద్దంలో చూసుకునేది. బట్ట తగిలితే ప్రాణం పోయేది. పంటి బిగువున భరించింది.

గురువారం రానే వచ్చింది. గ్లెనిస్ చేతులు పైకెత్తమంది. కుడి మోచెయ్యి పూర్తిగా సాగలేదు. నిరుడు గుర్రం మీంచి పడితే విరిగి, వంకరగా అతుక్కుందని నోయెలీన్ మొదటి రోజే చెప్పింది.

రొమ్ము చూసి గ్లెనిస్ గతుక్కుమంది. పక్కంతా పచ్చిపుండై రసి కారుతోంది. మూడు రోజుల్లో ఇంతలా ఎలా ముదిరిందో ఆవిడకి అంతు చిక్కలేదు. పూత రాస్తున్నావా, వదులుగా ఉండే నూలు బట్టలే వేస్తున్నావా, ఎండలో తిరిగావా అని వరసపెట్టి అడిగింది. అన్నీ మీరు చెప్పినట్టే చేస్తున్నానంది నోయెలీన్.

“ఎంత?” అని అడిగింది.

“మూడు. డాక్టరుతో మాట్లాడతాను. పది రోజులైనా ఆపక తప్పదు తల్లీ.”

నోయెలీన్ రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లు ఓర్చుకున్నదానివి, ఈ పది రోజులు ఓర్చుకోలేవా అని గ్లెనిస్ వీపు నిమిరింది. పోనీ మీ ఆయనకి నేను చెప్పనా అంది.

“వద్దు. నేనే చెప్తాను.”

ఆరింటికి ఫోన్ మోగింది. ఇంకో పది రోజులు పడుతుందని చెప్పింది. అవతల డెస్ చాలాసేపు మాట్లాడాడు. ఆమె ఊ కొడుతూ వింది. మెర్ల్ తలుపు సందులోంచి చూసి కన్ను గీటింది.

నోయెలీన్ ఫోన్ పెట్టేసి తన గదిలోకి వెళ్లింది. పుండు మీద గ్లెనిస్ వేసిన మెత్తటి కట్టు జాగ్రత్తగా విప్పింది.

అది మానితే తన చెయ్యి విరిచిన ఆ మనిషి దగ్గరికే మళ్లీ పంపేస్తారు కనుక, తలుపు గడియ పెట్టి, పెట్టె అడుగున దాచిన గరుకు ఉన్ని బనీను తీసి, రోజూ లాగే ఆ పచ్చిపుండు మీద తొడుక్కుంది.