ఇంటికప్పు మీద గవర్నరు

గవర్నర్ హోల్డన్ స్ప్రేగ్ నిచ్చెన ఎక్కుతుంటే కింద విలేకరులంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"అబ్బాయ్, ముందు ఎడమవైపు తొయ్యి. అటే బరువెక్కువ!" కిటికీలోంచి కేకేసింది ఒడెట్ పెల్టియర్.

అమెరికా అధ్యక్షుడు కావాలని కలలు కంటున్న మనిషి, పార పట్టుకుని ఒక ముసలావిడ ఇంటికప్పు మీది మంచు తోయడం మొదలుపెట్టాడు.

దీనంతటికీ కారణం ఒక పత్రిక.

పిట్స్‌బ్రూక్ అనేది న్యూ హాంప్‌షైర్ ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దు పక్కనే ఉన్న చిన్న ఊరు. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఓట్లు అందరికంటే ముందు ఈ రాష్ట్రంలో పడతాయి. అందుకే నాలుగేళ్లకోసారి అభ్యర్థులంతా ఇక్కడ వాలతారు. ఎప్పుడో ఒక విలేకరి ఊరి హోటల్లో ఒడెట్‌ని పట్టుకుని, "వీళ్లలో మీకెవరు నచ్చారు మామ్మగారూ?" అనడిగాడు.

"ఒక్కడి మొహమూ బాగాలేదు" అందావిడ.

మర్నాడు పేపర్లో ఆవిడ ఫొటో. కింద 'ఇంకా తేల్చుకోని ఓటరు' అని పెద్ద అక్షరాలు. అది చూసి ఒక అభ్యర్థి పరిగెత్తుకొచ్చి ఆవిడకు శీతాకాలానికి సరిపడా కట్టెలు కొట్టిపెట్టాడు. "వీడు పనికొస్తాడు" అందావిడ. ఆయన గెలిచాడు. ఇంకేముంది, ఒడెట్ మెచ్చినవాడిదే గెలుపని దేశమంతా పాకిపోయింది. ఊళ్లోవాళ్లు మాత్రం ముసిముసిగా నవ్వుకున్నారు.

అప్పట్నుంచి ఆ ఇంటికి మరమ్మతుల కొరత లేదు. వాకిలి మెట్లు ఒక సెనెటర్ వేశాడు. కోళ్లగూడు ఒక సైన్యాధికారి కట్టాడు. ఈసారి పోటీలో ముందున్న మార్జరీ క్విల్ అయితే పోయినవారం పొగగొట్టం దులిపి, మొహం నిండా మసితో టీవీల్లో నవ్వింది. తెల్లారేసరికి ఆవిడ బలం ఇంకాస్త పెరిగింది.

స్ప్రేగ్ మూడో స్థానంలో ఉన్నాడు. ఇక్కడ ఓడితే మూటాముల్లె సర్దుకోవడమే. సలహాదారు టెస్ బ్రానిగన్ దారిలో బస్సులోనే కుండబద్దలు కొట్టింది.

"సార్, మీకు తెలివుంది. అనుభవముంది. కానీ మిమ్మల్ని చూస్తే గెలిచేవాడని అనిపించదు."

"ఏం, ఎందుకని?"

"పక్కన కూర్చుని బీరు తాగాలనిపించేలా ఉండాలి సార్. మీరు పళ్ల డాక్టరులా ఉన్నారు."

"మా నాన్న పళ్ల డాక్టరే."

"ఆ ముక్క ఎక్కడా అనకండి!"

టెస్ ఆయనకు గళ్ల చొక్కా తొడిగింది. దువ్విన జుట్టు చెరిపింది. ఒడెట్ గురించి ఆరా తీసినవన్నీ అప్పజెప్పించింది. ఏ మోకాలు నొప్పి, చర్చిలో ఏ బల్ల మీద కూర్చుంటుంది, కాఫీలో చక్కెర ఎంత, అన్నీ.

ఒడెట్ తలుపు తీసి స్ప్రేగ్‌ని ఎగాదిగా చూసింది.

"చొక్కా కొత్తదా?"

"పాతదేనండీ. ఇంట్లో ఎప్పుడూ ఇదే."

"మడతలు కూడా పాతవేనా?"

విలేకరులు పడీపడీ నవ్వారు. స్ప్రేగ్ తడబడి, బీరు తాగుదామా అనడిగాడు.

"బీరుకు ఊళ్లో బోలెడుమంది ఉన్నారు నాయనా. కప్పు మీద మంచు తోసేవాడే కరువు" అంటూ పార చేతికిచ్చింది.

అలా కప్పెక్కాడు.

ఎడమవైపు తోశాడు. కుడివైపు తోశాడు. ఆఖరి మంచుపెళ్ల జారి సరాసరి నిచ్చెన మీద పడింది. నిచ్చెన ఒరిగిపోయి టెస్ కాళ్ల దగ్గర దబ్బున పడింది. గవర్నరు గారు పొగగొట్టాన్ని కౌగిలించుకున్నారు.

"నవ్వండి సార్!" కింద నుంచి పంటిబిగువున అరిచింది టెస్.

అంతే, స్ప్రేగ్‌కి తిక్కరేగింది.

"ఏం చూసి నవ్వాలి? చలికి ముక్కు ఊడిపోతోంది! ఈ చొక్కా ఒకటే దురద! బీరంటే నాకు కంపరం! నేను పళ్ల డాక్టరు కొడుకుని! ఎత్తంటే ప్రాణభయం! దేశం సంగతి తర్వాత, ముందు నన్ను దించి చావండి!"

కెమెరాలన్నీ తిరుగుతూనే ఉన్నాయి. టెస్ తల పట్టుకుని మంచులో కూలబడింది. కొంప మునిగిందనుకుంది.

ఒడెట్ చెప్పులీడ్చుకుంటూ బయటికొచ్చింది. పైకి చూసింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"ఇన్నాళ్లకి నా ఇంటికొక మనిషొచ్చాడు. దించండర్రా వాణ్ణి, సూపు పోస్తాను."

వంటింట్లో స్ప్రేగ్ వేడివేడి బఠానీ సూపు గిన్నె ముందు కూర్చున్నాడు.

"నా పని అయిపోయింది కదా మామ్మగారూ?"

"ఎందుకయిపోతుంది? నువ్వు పనికొస్తావు. భయమేస్తే భయమేసిందని అరిచావు. ఆ మార్జరీ దగ్గుతూ కూడా నవ్విందయ్యా, నాకే భయమేసింది." ఒడెట్ ఇంకో గరిటె పోసింది. "వెళ్లేముందు ఆ కుళాయి కారుతోంది, కాస్త చూడు."

చూశాడు. బిగించాడు కూడా.

ఆ అరుపు దేశమంతా చూసింది. "మావారు కూడా అచ్చం ఇలాగే అరుస్తారు" అని ఆడవాళ్లు మురిసిపోయారు. ఎత్తంటే భయపడేవాళ్లు ఏకంగా ఒక సంఘం పెట్టి మద్దతు ప్రకటించారు. పళ్ల డాక్టర్లు విరాళాలు పంపారు. ఆ అరుపు తన పథకమేనని టెస్ అందరికీ చెప్పుకుంది. ఓట్ల రోజు వచ్చేసరికి స్ప్రేగ్ గెలుపు ఖాయమని టీవీలు తేల్చేశాయి.

ఆ మధ్యాహ్నం, కొత్తగా పక్కింట్లోకి దిగిన వెర్నా, ఒడెట్ గుమ్మం ముందు కారాపి హారన్ కొట్టింది.

"మామ్మగారూ, త్వరగా రండి! ఊరంతా ఓటేసొచ్చింది, మీరొక్కరే మిగిలారు!"

పిండి పిసుకుతున్న ఒడెట్ తలైనా ఎత్తకుండా అంది: "నాకు ఓటెక్కడిదే పిచ్చిపిల్లా, నేను కెనడా పౌరురాల్ని కదా!"